మామ ముల్లు అరవై, నా ముల్లు నలభై

నా ఇరవై ఆరో ఏట నాకు జీతమిచ్చి చేయించుకున్న పని ఏమిటంటే, కర్నూలు చుట్టుపక్కల పల్లెల రైతుల మూత్రాన్ని చీకటి గదిలో పెట్టి వెలిగించడం. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "సర్వే" అని ఊరుకునేవాణ్ణి. భూముల సర్వే అనుకుని వాళ్లు కుర్చీ వేసేవాళ్లు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెద్ద పెద్ద ఆఫీసులే గుడారాల్లో నడుస్తుంటే మాకు మాత్రం ఒక పాత మిద్దె అద్దెకు దొరికింది. మా పనికి చీకటి కావాలి, గుడారంలో పట్టపగలు చీకటి ఎక్కడి నుంచి తెస్తామని మా డాక్టరుగారు పోట్లాడి సాధించారు. ఆయన గోదావరి వైపు మనిషి. మా ఎండను, మా కారాన్ని, మా మాటను సమానంగా భరించేవారు.

జొన్నరొట్టె, కొర్రన్నం తినే కరువు పల్లెల్లో జనానికి విటమిన్ బి-వన్ చాలుతోందా లేదా అని తేల్చడం మా సర్వే పని. ఒంటికి చాలగా మిగిలిన విటమిన్ మూత్రంలో పోతుంది. ఆ మూత్రంలో ఒక మందు కలిపి, కొంచెం స్పిరిట్ పోసి, కుదిపి నిలబెడితే స్పిరిట్ పైకి తేలుతుంది. చీకట్లో దాని మీద కంటికి కనబడని అతినీలలోహిత దీపం వెలుతురు పడితే అది నీలంగా మెరుస్తుంది. విటమిన్ ఎంత ఉంటే మెరుపు అంత. ఆ మెరుపును ఒక పెట్టె కొలుస్తుంది. పెట్టె మీద గడియారానికి ఉన్నట్టు ఒక ముల్లు కదులుతుంది.

ముల్లు దాని ఇష్టం వచ్చినట్టు కదలకుండా రోజూ పొద్దున్నే దానికి ఒక కొలత చూపించాలి. అంగడివాడికి తూకపు రాయి ఎలాగో మాకు క్వినైన్ సీసా అలాగ. మలేరియాకు మింగే చేదు క్వినైనే. పిసరంత తూచి, గంధకామ్లం చుక్కలు వేసిన నీళ్లలో కరిగిస్తే ఆ దీపం కింద ఆకాశం రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు దగ్గర ముల్లును నూరు మీద నిలబెట్టి, తర్వాత రైతుల వంతు మొదలుపెట్టేవాళ్లం.

అలాంటి పెట్టెలు రెండు వచ్చాయి. ఒకటి కర్నూల్లో నా దగ్గర, రెండోది కడపలో మా మామ దగ్గర.

మామ మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. ఇరవై ఏళ్లు ఊరూరా కాంపౌండరుగా మందులు కలిపిన చెయ్యి ఆయనది. కడప గదికి నమ్మకమైన మనిషి కావాలంటే డాక్టరుగారికి ఆయన గురించి చెప్పింది నేనే. చుట్టరికం మాత్రం చెప్పలేదు. పరీక్ష చేసే పద్ధతి వరుసగా తెలుగులో రాసి కడపకు పంపమన్నారు డాక్టరుగారు. రెండు పేజీలు రాసి పంపాను. చాలా చక్కగా రాశానని అప్పట్లో నా నమ్మకం.

గొడవ ఒంటిమిట్ట తిరునాళ్లతో మొదలైంది. తిరునాళ్లు చూద్దామని నేనొక్కణ్ణే ఒక పూట కడపలో దిగాను. కొత్త పెట్టె మీద చెయ్యి తిరగాలని ఉబలాటంగా ఉన్న మామ, దిగీ దిగగానే నా చేతికి సీసా ఇచ్చాడు. పరీక్ష చేస్తే ముల్లు అరవై దగ్గర నిలబడింది. కర్నూలుకు తిరిగొచ్చి నా పెట్టెలో నన్ను నేను చూసుకుంటే నలభై. ఈ సంగతి వింతగా ఉందని మామకు కార్డు రాశాను, భార్యతోనూ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అంటే మా అమ్మ చేతి కూడు తింటే అరవై, నా చేతి కూడు తింటే నలభై. అంతేగదా బావా నువ్వు చెప్పేది?" అంది రొట్టె తడుతూ.

"నేనేమీ చెప్పలేదు. ముల్లు చెబుతోంది."

"అట్లయితే ఆ ముల్లునే రొట్టె చెయ్యమను."

ఆ రాత్రికి రొట్టె దొరకలేదు. వారానికి అత్త దగ్గర నుంచి కూతురికి ఉత్తరం వచ్చింది. మామ ఇంట్లో కూడా నోరు కట్టుకోలేదన్నమాట. "అల్లునికి నీ కాడ నలభయ్యే వస్తాండాదంట. వంట చేస్తాండావా, ఊరికే పొయ్యి ముట్టిచ్చి ఆర్పుతాండావా?" అని అత్త రాయించింది. ఆ ఉత్తరం నా భార్య నాకు చదివి వినిపించి, మడిచి, పోపులపెట్టెలో పెట్టుకుంది. రోజూ పోపు వేసేటప్పుడల్లా అది కనబడేది. పోపు ఘాటుగా పడేది.

ఇంట్లో ఇలా ఉండగా ఆఫీసులో పల్లెల లెక్కలు వచ్చాయి. కడప పల్లెల్లో ఎవరిని చూసినా ముల్లు అరవై, డెబ్భై. కర్నూలు పల్లెల్లో ముప్పై ఎనిమిది, నలభై రెండు. డాక్టరుగారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏవయ్యా, అక్కడా జొన్నే, ఇక్కడా జొన్నే. అక్కడా కరువే, ఇక్కడా కరువే. కడపవాళ్లంతా పహిల్వాన్లూ, కర్నూలువాళ్లంతా రోగిష్ఠులూనా?"

"ముల్లు అలా చూపిస్తోందండీ."

"రెండు ముళ్లలో ఒకటి అబద్ధం చెబుతోంది. నువ్వు కడప వెళ్లు. ఇక్కడ కొలిచిన మూత్రమే ఒక సీసాలో పట్టుకెళ్లి అక్కడ కొలిపించు. ఏ పని దగ్గర తేడా వస్తోందో పట్టుకో. ఆ కాంపౌండరు పెద్దమనిషి, మొహమాటపడకు, తప్పుంటే మొహం మీదే చెప్పేయ్."

పిల్లనిచ్చిన మామకు మొహం మీద తప్పు చెప్పడమన్నమాట. తలూపాను.

రైతుల దగ్గర అంత మూత్రం దొరకదు. ఒక చిన్న సీసాకే "ఎందుకు, దీనికి గూడా పన్ను ఏస్తారా?" అని అడిగేవాళ్లు. అందుకని నాదే పట్టాను. పాడవకుండా ఆసిడ్ కలిపి పెద్ద సీసాలో పోసి, బిరడా బిగించి, ఆ రోజు కలిపిన క్వినైన్ సీసాతో పాటు గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మా పెట్టెలో ఆ మూత్రం నలభై చూపింది.

ఓర్వకల్లు గుట్టలు దాటి, నంద్యాల దాటాక బస్సు ఆగింది. మద్యనిషేధం రోజులు గనక సారా కోసం తనిఖీ. పోలీసాయన లోపలికి వచ్చి ఒళ్లో సంచి పట్టుకుని బిగుసుకుని కూర్చున్న నన్ను చూడగానే నేరుగా నా దగ్గరకే వచ్చాడు.

"ఏమప్పా, ఏముండాది సీసాలో?"

"మూత్రం."

"ఎవురిది?"

"నాదే."

ఆయన సీసా కిటికీ దగ్గర ఎత్తి చూశాడు. "నీ మూత్రం కడపకు ఎందుకు తీసకపోతాండావు? ఆడ రాదా నీకు?"

"మా మామ చూస్తానన్నాడు."

నిజం చెబితే తొందరగా తెగుతుందనుకున్నాను. బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. ఆయనకు రోషం వచ్చింది. "నన్నే ఎగతాళి చేస్తాండావా?" అని బిరడా లాగి, సారా వాసన పట్టడంలో ఆరితేరినవాడిలాగా ముక్కు లోపలికంటా పెట్టి గట్టిగా పీల్చాడు. అంతే, తల వెనక్కి లాగేసుకున్నాడు. బిరడా తనే జాగ్రత్తగా బిగించి, సీసా నా ఒళ్లో పెట్టి, "పోనీప్పా బస్సు" అని డ్రైవరుకు చెప్పి దిగిపోయాడు. నా పక్కన కూర్చున్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. కడప దాకా ముగ్గురు పట్టే సీటులో నేనూ, నా సీసాలూ సుఖంగా ప్రయాణం చేశాం.

మర్నాడు పొద్దున్నే గది తాళం తీస్తూ మామ గుమ్మంలోనే నన్ను నిలబెట్టాడు.

"చూడప్పా. ఇంట్లో నేను మామ, నువ్వు అల్లుడు. ఈ గడప దాటినాక మనం సర్కారు మనుషులం. నన్ను నువ్వు 'మీరు' అనల్ల. నేను గూడా నిన్ను 'మీరు' అంటా."

"అట్లనే మామా."

"మామ అనగూడదు."

"అట్లనేనండీ."

"ఆఁ. ఇప్పుడు చెప్పండి అల్లుడా, యాడ మొదలుపెడదాం?"

నేను తెచ్చిన సీసాతో మొదలుపెట్టాం. ఆయన చేస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. అదే మూత్రం, కడప ముల్లు మీద అరవై. మామ నా వైపు తిరిగి, వేలితో ముల్లును చూపించాడు. ఇంట్లో అయితే ఇంకేదో అనేవాడు.

ఏ పని దగ్గర తేడా వస్తోందో పట్టుకోవాలి. నాకు మొదటి అనుమానం కుదపడం మీద వచ్చింది. నిమిషంన్నర సేపు కుదపాలని నా కాగితంలో ఉంది. మామ దగ్గర గడియారం లేదు. ఆయన గాజు గొట్టం పట్టుకుని కళ్లు మూసుకుని, రామ రామ అంటూ నూటెనిమిది లెక్కపెట్టి ఆపుతున్నాడు.

"ఇలా అయితే ఒకరోజు నిదానంగా, ఒకరోజు తొందరగా అవుతుంది కదండీ" అన్నాను, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా.

"కొలుసుకోండి."

నా చేతి గడియారం పెట్టి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ సరిగ్గా నిమిషంన్నర. నాలుగోసారి, నేను మధ్యలో దగ్గినా సరే, నిమిషంన్నరే. తర్వాత నన్ను కుదపమని చెప్పి, గడియారం తిప్పిపెట్టి, ఆయన రాముణ్ణి లెక్కపెట్టాడు.

"మీరు పన్నెండు రాములు ఎక్కువ కుదిపినారు" అన్నాడు.

సిగ్గేసింది. గొట్టాలు చూశాను. అద్దాల్లా కడిగి బోర్లించి ఉన్నాయి. తక్కెడ చూశాను. దుమ్ము పడకుండా దాని మీద మామ తన పెళ్లినాటి కండువా కప్పి పెట్టాడు. మందులు నా మందుల కంటే శుభ్రంగా, చీటీలు అంటించి, పూజగదిలో సామాను లాగా వరుసగా ఉన్నాయి. మూడు రోజులు గాలించాను. పొద్దున గదిలో ఆయన తప్పులు వెతకడం, మధ్యాహ్నం ఆయన పక్కనే పీట మీద కూర్చుని అత్త వడ్డించే ఓళిగలు, అదే బొబ్బట్లు, తినడం. అత్త అల్లుడి కోసమని సన్నబియ్యం తెప్పించింది. రాగిసంగటి, జొన్నరొట్టె ఆ వారం వంటింట్లోకే రాలేదు. "నలభైకి పడిపోయినాడు పాపం, మరి రోంత నెయ్యి పోస్కో నాయనా" అంటూ చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా పోసేది.

నాలుగో రోజు గాని నేను తెచ్చిన క్వినైన్ సీసా సంచిలోనే ఉందని గుర్తుకు రాలేదు. చీకటి గదిలో దీపం వేసి, నా సీసా, మామ సీసా పక్కపక్కన పెట్టాను. నాది ఆకాశంలాగా వెలుగుతోంది. మామది మబ్బు పట్టిన ఆకాశంలాగా ఉంది.

తేడా అక్కడే ఉంది. ఆ మసక వెలుతురు దగ్గర ముల్లును నూరు మీద పెడితే, ఆ తర్వాత ఏది చూపించినా ముల్లు ఎక్కువే చెబుతుంది. కాని ఎందుకు మసకబారింది? క్వినైన్ తూకం మళ్లీ చూశాం, సరిగ్గా ఉంది. ఆసిడ్ సరిగ్గా ఉంది.

"మీ దాంట్లోనే ఏదో ఎక్కువ కలిసినట్లుండాది" అన్నాడు మామ చీకట్లోంచి.

"లేదండీ."

"మరి నాది తక్కువంటారా?"

"వెలుగు తక్కువంటున్నాను."

"ఇరవై ఏండ్లు మందులు కలిపినాండి నేను!"

"నేనూ ఈ పని మీదే..."

అప్పుడే నల్లతెర పక్కకు తప్పుకుని భళ్లున ఎండ లోపలికి వచ్చింది. అత్త. చేతిలో క్యారియరు. భోజనానికి రాలేదని తనే తెచ్చింది. "ఈ చీకట్లో ఏంది మీ ఇద్దరి అరుపులు?" అని తెర మూసి లోపలికి వచ్చింది. మా ఇద్దరి పళ్లు ఆ దీపానికి తెల్లగా మెరుస్తుంటే చూసి "అయ్యో దేవుడా" అని రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ మామ మొహం చూసి నవ్వాపుకోలేక క్యారియరు బల్ల మీద పెట్టేసింది.

సంగతి చెప్పాను. ఒకే మందు, ఒకే తూకం, ఒకటి వెలుగుతోంది, ఒకటి వెలగడం లేదని.

"నీళ్లు ఏం నీళ్లు?" అంది అత్త.

"మన ఇంటి బాయివే" అన్నాడు మామ గర్వంగా. "పొద్దున తానం చేసి నేనే చేదుతా. ఏడు మడతల బట్టలో వడకట్టి, సగానికి మరగబెడతా. ఇంతకంటే శుభ్రమైన నీళ్లు జిల్లాలో లేవు."

అత్త ఆయన వైపు విచిత్రంగా చూసింది. "మన బాయి నీళ్లా? ఆ ఉప్పునీళ్లల్లో పప్పే ఉడకదు గదయ్యా. వీధి చివర బాయి నీళ్లే గదా నేను వంటకు తెప్పిచ్చేది."

"ఎప్పుటి నుంచి?"

"కాపురానికి వచ్చినప్పుటి నుంచి!"

మామ నిలబడిపోయాడు. ఇరవై అయిదేళ్లుగా తన బావి నీళ్లతో ఉడికిందనుకుంటూ తిన్న పప్పంతా ఆయన కళ్ల ముందు తిరిగి ఉండాలి.

"ఉప్పుకూ వెలుగుకూ ఏం సంబంధం?" అన్నాడు చివరికి.

నాకూ తెలియదు. తెలియదని చెప్పాను. అత్త క్యారియరు పైగిన్నెలో, మజ్జిగలోకని పొట్లం కట్టి తెచ్చిన ఉప్పు తీసింది. "ఏసి చూస్తే తెల్సిపోతాది గదా" అంటూ మేము వద్దనేలోగా నా క్వినైన్ సీసాలో చిటికెడు వేసి కలిపింది.

ఆకాశం ఆరిపోయింది. మా కళ్ల ముందే, దీపం వత్తి తగ్గించినట్టు, నీలం మొత్తం మసకబారి పోయింది. ముగ్గురం నోళ్లు తెరిచి చూశాం. మూడు నోళ్లలో పళ్లు మెరుస్తున్నాయి.

"దిష్టి తీసినట్లుండాది" అంది అత్త.

నేను కర్నూలుకు తిరిగి వెళ్లాక డాక్టరుగారు పుస్తకం తిరగేసి, ఉప్పు క్వినైన్ వెలుగును చంపేస్తుందని రాసి ఉందని చూపించారు. మామ ఎంత శుభ్రం చేద్దామని మరిగిస్తే నీళ్లు అంత తగ్గి ఉప్పు అంత చిక్కబడింది. ఆయన శ్రద్ధే ముల్లును ఇంకా పైకి ఎక్కించింది.

"సర్కారు పంపిన డిస్టిల్డ్ వాటరు ఏమైందండీ?" అని ఆ గదిలోనే మామను అడిగాను.

మామ బీరువా తాళం తీశాడు. గాజు కూజాల నిండా డిస్టిల్డ్ వాటరు, ఒక్క చుక్క తగ్గకుండా ఉంది. "మంచి సరుకు గదా, అవసరానికి ఉండనీ అని దాచిపెట్టినా. మీ కాగితంలో గూడా అడగల్యా."

కాగితం తెప్పించి చూశాను. నా రాతే. "శుభ్రమైన నీళ్లు పోయాలి" అని ఉంది. ఏ నీళ్లో లేదు. నేను కర్నూల్లో రోజూ డిస్టిల్డ్ వాటరే పోస్తాను గనక శుభ్రమైన నీళ్లంటే అవేనని నా మనసులో ఉంది, కాగితంలో లేదు. మామకు శుభ్రమంటే స్నానం, వడపోత, మరగడం. మూడూ చేశాడు.

మొహం మీద తప్పు చెప్పమని డాక్టరుగారు పంపారు. చెప్పాను. "తప్పు నాది మామా."

"మామ అనగూడదు ఈడ" అన్నాడు గాని మొహం వికసించింది. అత్త తెచ్చిన పెరుగన్నం ఆ రోజు ఆయనే కలిపి నాకు పెట్టాడు.

ఆ మధ్యాహ్నం నుంచి కాగితం మళ్లీ రాయడం మొదలుపెట్టాం. ఆయన అడగడం, నేను రాయడం.

"'బాగా కుదపాలి' అని రాసినారు. బాగా అంటే ఎంత? మజ్జిగ చిలికినట్లా, పసిబిడ్డను ఊపినట్లా?"

"నిమిషానికి ఇన్నిసార్లు అని రాస్తాను."

"'కొద్దిసేపు నిలబెట్టాలి.' కొద్దిసేపంటే మీకెంత, నాకెంత? మీ అత్త 'కొద్దిసేపట్లో వడ్డిస్తా' అంటే నేను కడప టేసన్ దాకా పోయి రావచ్చు."

"అయిదు నిమిషాలు."

"'వెంటనే చూడాలి.'"

"నిమిషం లోపల."

"'క్వినైన్ ద్రావణం పాతబడితే పారేయాలి.' ఎన్నాళ్లకు పాతబడినట్లు?"

రెండు పేజీల కాగితం పదకొండు పేజీలైంది. ఏ నీళ్లు, ఏ ఆసిడ్, ఏ సీసా, వెలుతురు తగలకుండా ఎక్కడ పెట్టాలి, గొట్టం ఎన్నిసార్లు ఏ నీళ్లతో కడగాలి, ఎవరు చేసినా ఒకటే అయ్యేటట్టు రాశాం. డిస్టిల్డ్ వాటరుతో మామ కొత్త క్వినైన్ కలిపాడు. ఆకాశం వచ్చింది. నేను తెచ్చిన సీసాలో మిగిలిన మూత్రాన్ని మళ్లీ కొలిచాం. ముల్లు నలభై దగ్గర నిలబడింది. ఇద్దరం చీకట్లో కౌగలించుకున్నాం. సర్కారు మనుషులం చేయాల్సిన పని కాదు.

ఊరుకుంటే సరిపోయేది. కాని మామకు ఉత్సాహం పొంగింది. "ఇంగ ముల్లు నిజమే చెప్తాది. అత్త చేతి కూడు వారం తిన్నారు గదా, మిమ్మల్ని ఇప్పుడు చూస్తాం రాండి" అని సీసా ఇచ్చాడు.

ఇరవై ఎనిమిది వచ్చింది.

మామ మళ్లీ చేశాడు. ఇరవై ఎనిమిది. మూడోసారి నూటెనిమిదికి మరో నూటెనిమిది రాముల్ని కలిపి కుదపబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. సన్నబియ్యం పాలిష్ పట్టినవి. విటమిన్ అంతా తవుడులో పోయింది. నెయ్యి ఎంత పోసినా దానికేమీ చేయలేదు. జొన్నరొట్టె తిన్నవాడికి నలభై, ఓళిగలు తిన్నవాడికి ఇరవై ఎనిమిది.

"మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు మామ.

"నా భార్యకు కూడా చెప్పను" అన్నాను.

ఇద్దరం మాట మీద నిలబడ్డాం. కాని మామ నిజాయితీపరుడైన కాంపౌండరు. కొలిచింది పుస్తకంలో ఎక్కించకుండా ఉండలేడు. ఎక్కించింది కర్నూలుకు నకలు పంపకుండా ఉండలేడు. నకలు, అల్లుడి లెక్క గనక, మా ఇంటి చిరునామాకు వచ్చింది, నేను లేనప్పుడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా భార్య గడప మీద కూర్చుని కాగితం చేతిలో పట్టుకుని కళ్లనీళ్లు కారేట్టు నవ్వుతోంది. "ఇరవై ఎనిమిది! మా అమ్మది ఇరవై ఎనిమిది!" ఆ రాత్రే తల్లికి ఉత్తరం రాసింది. ఏం రాసిందో నాకు చూపించలేదు. పోపులపెట్టెలోంచి పాత ఉత్తరం తీసి దాన్ని చూసుకుంటూ రాసిందని మాత్రం తెలుసు.

మామ తర్వాత చెప్పాడు. అత్త ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని వంటింట్లోకి పోయిందట. మర్నాటి నుంచి నెలరోజులు ఆయనకు మూడు పూటలా జొన్నరొట్టె. "విటమిన్ కావాలంటివి గదా, తిను." ఓళిగల ఊసే లేదు. ఆయన పొట్ట తగ్గి పంచె నిలవడం మానేసిందట. ఆ నెల పొడవునా మామ తన ముల్లు కూడా చూసుకుని పుస్తకంలో ఎక్కించాడు. అది రోజురోజుకూ పెరిగింది.

డాక్టరుగారు పదకొండు పేజీల కాగితం చదివి చాలా మెచ్చుకున్నారు. పల్లెల లెక్కలన్నీ మళ్లీ తీయించారు. కడప, కర్నూలు పల్లెలు రెండూ ఒకేలా వచ్చాయి. "ఆ పెద్దాయన్ని మొహం మీదే అడిగేశావా?" అన్నారు. అడిగేశానన్నాను.

రెండు నెలల తర్వాత కడప బస్సులో మాకు ఒక బస్తా వచ్చింది. విప్పితే సన్నబియ్యం. మూతికి కుట్టిన చీటీలో అత్త రాయించిన మాట ఒక్కటే: "విటమిన్ లేదంట గదా, కోళ్లకు ఏసుకోండి." మాకు కోళ్లు లేవు. నా భార్య ఆ బస్తాను నెలన్నరలో నా చేతే ఖాళీ చేయించింది. నెయ్యి తనే పోసింది.